మెర్థిర్ టౌన్: అభిమానులే యజమానులైన క్లబ్

దక్షిణ వేల్స్‌లో ఒకప్పుడు ఇనుముకు, బొగ్గుకు పేరుమోసిన పట్టణం మెర్థిర్ టిడ్‌ఫిల్. టిడ్‌ఫిల్ అనే క్రైస్తవ యువతి ఇక్కడే ప్రాణత్యాగం చేసిందని ఐతిహ్యం. అందుకే ఊరి ఫుట్‌బాల్ జట్టును 'మార్టర్స్', అంటే అమరులు, అని పిలుస్తారు. క్లబ్ చరిత్ర కూడా ఆ పేరుకు తగ్గట్టే నడిచింది.

తొలి క్లబ్ 1920లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌లో చేరింది. 1930లో ఆ స్థానం పోగొట్టుకుంది. ఊరంతా నిరుద్యోగంతో అల్లాడుతున్న కాలంలో, 1934లో మూతపడింది. 1945లో మెర్థిర్ టిడ్‌ఫిల్ పేరుతో కొత్త క్లబ్ వచ్చింది.

అసలు ముచ్చట 1987లో జరిగింది. వేల్ష్ కప్ గెలవడంతో యూరోపియన్ కప్ విన్నర్స్ కప్‌లో ఆడే అవకాశం దక్కింది. హేసెల్ దుర్ఘటన తర్వాత ఇంగ్లండ్ క్లబ్‌లపై యూరప్‌లో నిషేధం ఉన్న రోజులవి. మెర్థిర్ ఆడేది ఇంగ్లండ్ లీగ్ వ్యవస్థలోనే అయినా, వేల్స్ దారిన వెళ్లింది కాబట్టి అడ్డు లేకపోయింది. సొంతగడ్డ పెనీడారెన్ పార్క్‌లో ఈ సెమీ ప్రొఫెషనల్ జట్టు ఇటలీకి చెందిన అటలాంటాను 2-1తో ఓడించింది. బెర్గామోలో 0-2తో ఓడి ఇంటిదారి పట్టింది. అదే అటలాంటా ఆ ఏడాది సెమీఫైనల్ దాకా వెళ్లింది.

అప్పుల భారంతో ఆ క్లబ్ కూడా 2010లో దివాలా తీసింది. ఈసారి అభిమానుల ట్రస్టే పూనుకుని, పాత పేరు మెర్థిర్ టౌన్‌తో మూడు అంచెల కింద నుంచి మళ్లీ మొదలుపెట్టింది. మొదటి సీజన్ సొంత మైదానం కూడా లేకుండా పక్క ఊళ్లో ఆడారు. అయినా వరుసగా రెండేళ్లు టైటిళ్లు గెలిచారు. 2025లో నేషనల్ లీగ్ నార్త్‌కు చేరారు.