కనుమ క్రింది రాజ్యము - కనుమ మీది రాజ్యము

రాయవేలూరు కోటను చూడవచ్చువారు సాధారణముగా అగడ్తను, జలకంఠేశ్వరస్వామి ఆలయమును, కల్యాణమండపమందలి శిల్పములను చూచి ఆనందించి మరలిపోవుదురు. ఆ కోటకు వేరొక చరిత్రయు కలదు. పదునెనిమిదవ శతాబ్దమున ఇరుగుపొరుగు రాజ్యములు రెండు 1767 మొదలు 1799 వఱకు నాలుగుసారులు యుద్ధము చేసినవి, మూడుసారులు సంధి చేసికొన్నవి. ఆ సైన్యములకు దారియైనది మన పాలారు లోయ. వేలూరు, గుడియాత్తము ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములు నేడు తిరుగుచున్న దారులే ఆనాడు సరిహద్దు దారులు.

వైరము గల పొరుగు రాజ్యముల నడుమ శాంతి దేనివలన నిలుచును? ప్రభువులు వేసిన ముద్రలవలననా, ప్రజలు సాగించు వర్తకమువలననా? ఈ ప్రశ్న నేటికిని పాతబడలేదు. దీనికి మన లోయ చెప్పు సాక్ష్యమును పరిశీలింతము.

ఆ కాలమున కనుమలకు దిగువనున్న ఆర్కాటు సీమను పాయనుఘాటనియు, ఎగువనున్న మైసూరు పీఠభూమిని బాలాఘాటనియు వ్యవహరించెడివారు. దిగువ నవాబు మహమ్మదాలీ పేరునకు ప్రభువు. అతని వెనుక నిలిచినది చెన్నపట్టణమునందలి ఇంగ్లీషు కంపెనీ. ఎగువ మొదట హైదరాలీయు, తరువాత అతని కుమారుడు టిప్పు సుల్తానును ఏలిరి. ప్రభువులకు వైరమున్నను నేలకు వైరము లేదు. ఉప్పు సముద్రతీరమునుండి పైకి పోవలెను. వక్కలు, మిరియములు, ఏలకులు, గంధపుచెక్క పైనుండి క్రిందికి దిగవలెను. వాలాజాపేట వర్తకులకు బెంగుళూరును, బెంగుళూరు వర్తకులకు వాలాజాపేటయు కావలసినవే. వేలూరునుండి పళ్ళికొండ, సాత్‌గఢముల మీదుగా పెద్దనాయకనదుర్గపు కనుమ నెక్కుట ఒక దారి; చిత్తూరు మీదుగా మొగిలి కనుమ నెక్కుట మఱియొకటి. గుడియాత్తమునుండి సైనగుంట మీదుగా పలమనేరు చేరు దారియు కలదు. పెరికె ఎద్దులు నడచిన త్రోవలనే ఫిరంగులును నడచినవి.

మొదటి యుద్ధమున, 1767 నవంబరు, డిసెంబరు మాసములలో, హైదరాలీ ఆంబూరు దుర్గమును ముట్టడించి పట్టుకొనలేకపోయెను. కాని 1769లో అతడు గుఱ్ఱపుదళముతో మెఱుపువలె చెన్నపట్టణపు పొలిమేరలకు వచ్చి నిలువగా, కంపెనీవారు సంధికి దిగిరి. ఆ యేడు ఏప్రిలులో జరిగిన ఒడంబడిక న్యాయముగానే కనబడును. గెలిచిన స్థలములను పరస్పరము తిరిగి యిచ్చుకొనవలెను. ఒకరిమీదికి శత్రువు వచ్చినచో రెండవవారు తోడ్పడవలెను. మరుసటి సంవత్సరముననే మరాఠాలు మైసూరుపై దండెత్తిరి. హైదరాలీ సహాయము కోరెను. చెన్నపట్టణమునుండి సహాయము రాలేదు. మాటయిచ్చి తప్పిన పొరుగువానిని అతడు మఱి నమ్మలేదు.

రెండవ యుద్ధమునకు తక్షణకారణము ఒక రేవు. మలబారు తీరమున ఫ్రెంచివారికి చెందిన మాహె రేవునుండి హైదరాలీకి ఆయుధములు, మందుగుండు సామగ్రి వచ్చుచుండెను. దాని జోలికి పోవలదని అతడు హెచ్చరించినను 1779లో కంపెనీవారు దానిని పట్టుకొనిరి. మరుసటి యేడు జూలైలో మైసూరు సైన్యము కనుమలు దిగెను. నవంబరున ఆర్కాటు పడిపోయెను. వేలూరు కోట మాత్రము లొంగలేదు. ముట్టడిలో చిక్కిన కోటకు ఆహారమే ప్రాణము. కూటు సేనాని 1781 నవంబరులోను, 1782 జనవరిలోను సైన్యముతో వచ్చి ధాన్యము చేర్పగా కోట నిలిచెను. హైదరాలీ 1782 డిసెంబరు 7వ తేదీన చిత్తూరు సమీపమున నరసింగరాయనిపేటవద్ద దండులోనే మరణించెను. యుద్ధము అతని కుమారునికి వారసత్వముగా సంక్రమించెను.

1784 మార్చి 11వ తేదీన మంగళూరులో సంధి జరిగెను. దానియందలి షరతులు కొన్ని మనవారికి ప్రత్యేకముగా తెలిసియుండదగినవి. టిప్పు సుల్తాను కర్ణాటక సీమను ఖాళీ చేయుటకు అంగీకరించెను. కాని ఆంబూరుగఢము, సాత్‌గఢము అను రెండు దుర్గములను మాత్రము ఖైదీల విడుదల పూర్తియగువఱకు తన చేతియందే యుంచుకొనెను. సాత్‌గఢము గుడియాత్తపు పడమటి దిక్కున, పేర్ణాంబట్టు చేరువనున్న కొండకోట. అనగా రెండు రాజ్యముల పరస్పర విశ్వాసమునకు మన ప్రాంతపు కొండలే తాకట్టుగా నిలిచినవి.

మఱియొక షరతు ఇంకను హృదయమును తాకును. వేలూరు కోటకు ఆహారసామగ్రి చేరవేసి తిరిగిపోవుచు పట్టుబడిన వెంకటగిరి రాజుగారి మనుష్యులను విడిచిపుచ్చి, స్వస్థలములకు పోనీయవలెనని సంధిపత్రము ప్రత్యేకముగా పేర్కొన్నది. కర్ణాటకమునుండి తరలింపబడిన ప్రజలలో మరలిరాగోరువారిని భార్యాబిడ్డలతో రానీయవలెననియు అందు కలదు. వెంకటగిరి తెలుగు సంస్థానము. అక్కడినుండి వచ్చి, ఆకలిగొన్న కోటకు తిండి చేర్చి, చెఱ పాలైన ఆ మనుష్యుల పేర్లు మనకు దక్కలేదు. రెండు ప్రభుత్వములును తమ సంధిపత్రమున వారికొక వాక్యమిచ్చుట మాత్రము దక్కినది.

ఇక వర్తకమును గూర్చి ఆ సంధి ఏమి చేసెను? 1770లో హైదరాలీ కంపెనీకిచ్చిన వ్యాపారసౌకర్యములను స్థిరపఱచెను. అవి పడమటి తీరమున కంపెనీ సాగించు వ్యాపారమునకు సంబంధించినవి. కనుమదారిలో ఉప్పు, వక్కలు మోయు సామాన్యవర్తకుని క్షేమమునకై ఉభయులును కలిసి చేసిన ఏర్పాటు కానరాదు. లోపమంతయు ఇచ్చటనే యున్నదని నా అభిప్రాయము. ఖైదీలు విడుదలైరి, దుర్గములు చేతులు మారెను. దారి మాత్రము తెఱువబడలేదు.

తరువాత దారి మఱింత మూసుకొనెను. 1800లో వేలూరు, సాత్‌గఢముల మీదుగా కనుమ నెక్కి బెంగుళూరు చేరిన ఫ్రాన్సిస్ బుకానన్ తన యాత్రాగ్రంథమున, ఆర్కాటు, హైదరాబాదు రాజ్యములతో వర్తకమును టిప్పు నిషేధించెననియు, దానివలన బెంగుళూరు వర్తకమునకు చేటు కలిగెననియు వ్రాసెను. బుకానన్ కంపెనీ ఉద్యోగి. ఓడిన శత్రువును గూర్చి అతడు వ్రాసినదానిని కొంత తూచి గ్రహింపవలెను. టిప్పు వర్తకమునెఱుగని ప్రభువు కాడు. మస్కటులో వర్తకశాల నెలకొల్పెను. పట్టుపురుగుల పెంపకమును ప్రోత్సహించెను. మిరియములు, గంధపుచెక్క మున్నగువాని వ్యాపారమును రాజ్యమే నడుపునట్లు చేసెను. పొరుగువాడు వర్తకుని వేషమున వచ్చి రాజ్యమును కాజేయుననునది అతని భయము. బెంగాలు చరిత్రను చూచినవారెవ్వరును ఆ భయమును నిరాధారమనలేరు. కంపెనీవారికిని వర్తకమనిన ఇచ్చిపుచ్చుకొనుట కాదు, గుత్తాధిపత్యము. ఇరువురును వర్తకమును ఆయుధముగా ఎంచిరి. కావుననే అది ఇరువురికిని వంతెన కాలేకపోయెను.

మంగళూరు సంధి ఆఱేండ్లు కూడ నిండలేదు. 1789 డిసెంబరున టిప్పు తిరువాన్కూరు కోటగోడపై దాడి చేసెను. 1791లో కారన్‌వాలీసు వేలూరున సైన్యమును కూర్చి, ఆంబూరు దారిన పోవువానివలె నటించి, చిత్తూరు మీదుగా మొగిలి కనుమ నెక్కి బెంగుళూరును పట్టుకొనెను. ఆ సైన్యమును పోషించినది బంజారాల పెరికె ఎద్దులు. 1792 సంధిలో టిప్పు సగము రాజ్యమును, 3 కోట్ల 30 లక్షల రూపాయలను ఒప్పుకొని, ఇద్దరు కుమారులను జామీనుగా పంపవలసివచ్చెను. 1784లో తాకట్టు రెండు కొండకోటలు. 1792లో తాకట్టు ఇద్దరు బాలురు. అటువంటి సంధిలో శాంతిబీజము మొలకెత్తుననుకొనుట అత్యాశయే. 1799 మే 4వ తేదీన శ్రీరంగపట్టణము పడెను, టిప్పు మరణించెను. అతని కుటుంబమును వేలూరు కోటకే తెచ్చి యుంచిరి. 1806 జూలై 10వ తేదీన ఆ కోటలో సిపాయీలు తిరుగబడగా, తదుపరి ఆ కుటుంబమును కలకత్తాకు తరలించిరి.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. యుద్ధము ముగిసిన పిదపనే కదా కనుమదారిలో వర్తకము తిరిగి సాగినది, కనుక జయమే శాంతికి మార్గము కాదా యని. వర్తకము తిరిగి సాగినమాట నిజమే. కాని రెండు రాజ్యములలో ఒకటి ఓడి తలవంచిన పిమ్మట, 1801లో రెండవదానిని కూడ కంపెనీయే మ్రింగివేసెను. నవాబునకు బిరుదు, భరణము మిగిలెను. ముప్పది యేండ్ల వైరమున మైసూరుగాని ఆర్కాటుగాని బాగుపడలేదు. రెండిండ్లవారు పోరాడుకొనగా గోడ మధ్యవర్తి పాలయినట్లయ్యెను.

లోకమున దీనికి ప్రతిగా నిలుచు ఉదాహరణము ఉన్నది. ఒక శతాబ్దములోపల మూడుసారులు పోరాడిన ఫ్రాన్సు, జర్మనీలు 1951లో మఱి నాలుగు దేశములతో చేరి బొగ్గు, ఉక్కు పరిశ్రమలను ఉమ్మడి పాలనక్రిందికి తెచ్చినవి. ఫిరంగికి కావలసిన వస్తువులనే ఉమ్మడి సొత్తుగా చేసికొనుటలో గొప్ప వివేకమున్నది. ఆ రెండు దేశములు తిరిగి యుద్ధము చేయలేదు.

మన ఉపఖండమున అనుభవము భిన్నము. 1949లో భారతదేశము రూపాయి విలువను తగ్గింపగా పాకిస్తాను తగ్గింపలేదు. తగవు ముదిరి వర్తకము స్తంభించెను. తూర్పు బెంగాలు జనుము ఒకచోట, కలకత్తా మిల్లులు మఱియొకచోట నిలిచిపోయినవి. 2019లో పుల్వామా దాడి తరువాత భారతదేశము పాకిస్తాను సరకులపై సుంకమును 200 శాతమునకు పెంచెను. ఆ యేడు ఆగస్టున పాకిస్తాను వర్తకమును నిలిపివేసెను. 2025 ఏప్రిలులో పహల్గాం దారుణము పిదప అట్టారీ సరిహద్దు ద్వారమును భారతదేశము మూసెను. నిరపరాధుల రక్తము చిందినపుడు ఏ ప్రభుత్వమును చేతులు ముడుచుకొని యుండజాలదు. అభయము లేనిచోట అంగడి నిలువదు. అయినను మూసిన ద్వారము శాశ్వతమని ఎవ్వరును భావింపరాదు. తిరిగి తెఱుచునాడు, ప్రభువుల లాభముతోపాటు ఉప్పుమూట మోయువాని క్షేమమును గూడ ఒడంబడికలో వ్రాసికొనవలెను. మంగళూరున వ్రాయక విడిచిన వాక్యము అదియే.

మన లోయ మఱియొక పాఠమును కూడ నేర్పినది. 1953లో ఆంధ్రరాష్ట్రము వేఱుపడినపుడు ఈ సరిహద్దున వివాదములు లేకపోలేదు. అవి పటాస్కరు మధ్యవర్తిత్వమున చర్చించుకొనబడి, 1960 ఏప్రిలు 1వ తేదీన కొన్ని గ్రామములు ఇటు, కొన్ని అటు మారుటతో తీఱినవి. తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున చేరెను. వేలూరు, గుడియాత్తములు తమిళసీమలోనే నిలిచెను. ఎవ్వరును కొండకోటలను తాకట్టు పెట్టలేదు. గుడియాత్తపు కైలీలు కనుమలెక్కుచునేయున్నవి. పలమనేరు కూరగాయలు దిగుచునేయున్నవి. ఇంట తెలుగును, వీథిలో తమిళమును పలుకు మన కుటుంబములు ఆ శాంతిని నిత్యము అనుభవించుచున్నవి. వెంకటగిరినుండి తిండి మోసికొని వచ్చిన ఆ పేరులేని మనుష్యులకు మనము చెల్లింపదగిన ఋణమొకటి యున్నచో, అది ఈ దారిని తెఱచియుంచుటయే.