ఏథెన్స్‌లో సోలోన్, నల్లగొండలో సంఘం

డెమోక్రసీ ఎక్కడ పుట్టింది అని అడిగితే అందరం స్కూల్లో నేర్చుకున్న మాటే చెప్తాం: గ్రీకుల ఏథెన్స్‌లో. కరెక్టే. కానీ అక్కడ కథ ఓట్లతో మొదలుకాలేదు, అప్పులతో మొదలైంది.

ఏథెన్స్‌లో అప్పు కట్టలేని రైతు బానిస అయ్యేవాడు. కొందరిని పరాయి దేశాలకు అమ్మేసేవాళ్లు కూడా. క్రీ.పూ. 594లో సోలోన్ ఆ అప్పులు రద్దు చేసి, ఇకమీద మనిషినే తాకట్టు పెట్టుకుని అప్పు ఇవ్వొద్దని చట్టం చేశాడు. క్లీస్థెనీస్ వచ్చి ఊరును పునాదిగా పెట్టి పౌరుల లిస్టులు రాయించింది ఆ తర్వాతే, 508 ప్రాంతంలో. అన్నట్టు, గ్రీకులో 'దెమోస్' అంటే జనం. ఊరు అని కూడా అర్థం ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మన నల్లగొండకొద్దాం. నిజాం కాలంలో ఇక్కడ భగేలా అనే పద్ధతి ఉండేది. దొర దగ్గర కొంచెం అప్పు తీసుకున్న మనిషి అది తీరేదాకా ఆయన దగ్గరే పనిచెయ్యాలి. వడ్డీ లెక్క రాసేది కూడా దొరే, ఇగ తీరేదెప్పుడు? తండ్రి పోతే కొడుకు. దానిమీద వెట్టి వేరే.

1944 భువనగిరి ఆంధ్ర మహాసభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. ఆ తర్వాత ఊర్లల్లో 'సంఘం' పెరిగింది. 1946 జులై 4న, అప్పుడు నల్లగొండ జిల్లాలోనే ఉన్న కడవెండిలో, దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఇంక ఆగలేదు. ఊరూరా కమిటీలు లేచినయి. వెట్టి బంద్, అప్పు పత్రాలు మంటల్లోకి, భూములు పంపకం. సోలోన్ భూమి పంచలేదు, వీళ్లు పంచారు. దానికి పెట్టుకున్న పేరు గ్రామ రాజ్యం. గ్రీకు మాటకు ఇంతకంటే మంచి తెలుగు నాకైతే దొరకలేదు.

అయితే అందంగా చెప్పి వదిలెయ్యలేను. ఆ కమిటీల వెనక తుపాకులున్నాయి, రెండు దిక్కులా ప్రాణాలు పోయాయి. 1948లో సైన్యం వచ్చాక కూడా పోరాటం నడిచింది. 1951 అక్టోబర్‌లో విరమించారు.

కొన్ని నెలలకే మొదటి జనరల్ ఎలక్షన్లు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. నల్లగొండ ఎంపీ సీటులో రావి నారాయణరెడ్డికి 3 లక్షలకు పైగా ఓట్లు! నెహ్రూకు వచ్చినవాటి కంటే ఎక్కువ. ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి అసెంబ్లీకి గెలిచింది. ఏథెన్స్ సభలో ఆడవాళ్లకు అడుగు పెట్టే హక్కే లేదు, బానిసలకు అసలే లేదు. ఈ విషయంలో మనోళ్లే ముందు.

ఇంకొకటి చెప్పి ఆపేస్తా. 1996లో ఫ్లోరైడ్ నీళ్ల బాధ ఢిల్లీకి వినపడాలని నల్లగొండ ఎంపీ సీటుకు జనం నామినేషన్లు కుమ్మరించారు. 480 మంది అభ్యర్థులు! బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. ఆ ఏడాదే ఎంపీ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు.