లీటరుకు ఎంతిస్తుంది?

బండి ఏదైనా మన ఊళ్లలో మొదటి ప్రశ్న ఒకటే. హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్ వైపు ఒక పెట్రోలు బంకులో, నేలకు అతుక్కుపోయినట్టున్న పసుపుపచ్చ స్పోర్ట్స్ కారు యజమానిని బంకు కుర్రాడు అదే అడిగాడు. "లీటరుకు ఎంతిస్తుందన్నా?" ఆయన నవ్వి, "నువ్వు కొట్టడం ఆపితే చెప్తా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. నాకు మాత్రం ఆ కుర్రాడి ప్రశ్న వెర్రి ప్రశ్నలా అనిపించలేదు. ఈ జాతి కార్ల వందేళ్ల కథను ఆ ప్రశ్న ఒక్కటి పట్టుకుని చెప్పుకురావచ్చు.

మొదట్లో సూత్రం తేలిక. ఇంజన్‌లోకి ఎంత ఎక్కువ గాలి కూరితే అంత ఎక్కువ పెట్రోలు మండించవచ్చు. 1920ల చివర ఇంగ్లండులో టిమ్ బర్కిన్ అనే రేసరు బెంట్లీకి గాలి కొట్టే సూపర్‌చార్జర్ తగిలించాడు. కంపెనీ పెట్టిన డబ్ల్యు.ఓ. బెంట్లీకి అది గిట్టలేదు. బలం కావాలంటే ఇంజన్ పెద్దది చేసుకోవాలిగానీ ఇదేం పని అన్నది ఆయన వాదం. 1930 లమాన్ 24 గంటల పందెంలో బర్కిన్ బళ్లు మధ్యలోనే చతికిలబడ్డాయి. గెలిచింది సూపర్‌చార్జర్ లేని బెంట్లీ స్పీడ్ సిక్స్. కానీ చూసినవాళ్లకు గుర్తున్నది గెలిచిన బండి కాదు, గాలి మింగిన బండి. స్పోర్ట్స్ కార్ల లోకంలో మెప్పు ఎప్పుడూ ఇంతే.

1954లో మెర్సిడెస్ 300 ఎస్ఎల్ వచ్చింది. తలుపులు పక్షి రెక్కల్లా పైకి లేచే కారు. దాని దగ్గర కాస్త ఆగాలి. అదే 3 లీటర్ల ఇంజన్ కార్బ్యురేటర్లతో ఆ కంపెనీ పెద్ద కారులో 115 గుర్రాల బలం ఇస్తుంటే, బాష్ పంపుతో పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే చిమ్మి ఇందులో 215 లాగారు. కొలిచి చిమ్మే పద్ధతి కాబట్టి పొదుపుకూ అది బాటే. అయితే ఒక తిరకాసు ఉంది. తాళం తిప్పి ఆపాక, ఇంజన్ పూర్తిగా నిలిచేదాకా ఆ పంపు పెట్రోలు చిమ్ముతూనే ఉండేది. మండని ఆ పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి, కిందికి జారి ఆయిల్‌లో కలిసేది. అందుకే ఆ కారుకు వెయ్యి మైళ్లకోసారి ఆయిల్ మార్చాలన్నారు. ఆపేసినా తాగే బండి! ట్యాంకు 130 లీటర్లు.

అరవైలు, డెబ్భైలు ఇటలీవాళ్లవి. లంబోర్గిని కౌంటాష్ మీద ఆరు వెబర్ కార్బ్యురేటర్లు వరుస కట్టి కూర్చునేవి. లెక్క అడిగేవాడు లేడు, చెప్పేవాడూ లేడు.

1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు బిగించాయి. పశ్చిమ జర్మనీలో నవంబరు 25 నుంచి నాలుగు ఆదివారాలు కార్లు బయటికి తీయకూడదన్నారు. ఖాళీ ఆటోబాన్ల మీద జనం సైకిళ్లు తొక్కారు. బీఎండబ్ల్యూ తన 2002 టర్బోను ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో పెట్టింది ఆ చమురు బిగింపుకు నెల ముందే. పాపం, 1,672 బళ్లతో దాని కథ ముగిసింది. పోర్షే మొండిది. మరుసటి ఏడే పారిస్‌లో 911 టర్బోను చూపించింది.

టర్బో అంటే ఇంజన్ వదిలే పొగతోనే తిరిగి లోపలికి గాలి కూరే మర. దాని గురించి బయటివాళ్లకు అంతగా తెలియని సంగతి ఒకటుంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. కాలు నేలకు ఆనించి తొక్కినప్పుడు మాత్రం ఆ లెక్కకు మించి పెట్రోలు పోసేవారు. అది మండడానికి కాదు, ఆవిరై వేడిని లాగెయ్యడానికి. అంటే ఇంజన్ కడుపు చల్లార్చడానికి మంచినీళ్లలా పెట్రోలే పోశారన్నమాట. ఈ అలవాటును మొత్తానికే మానుతున్నది ఇప్పుడిప్పుడే.

అమెరికా మాటలతో కాకుండా పన్నుతో వచ్చింది. 1978 చట్టం ప్రకారం 1980 మోడళ్ల నుంచి తిండిపోతు కార్ల మీద పన్ను పడింది. ఇప్పుడు లీటరుకు సుమారు 5.3 కిలోమీటర్లు కూడా ఇవ్వని కారుకు 7,700 డాలర్లు. ఇంత చేసి, అంతే తాగే ఎస్‌యూవీలను మాత్రం వదిలేశారు. అదేం న్యాయమో! పన్ను తప్పించుకోవడానికి 1989 కార్వెట్‌లో ఇంజనీర్లు చేసిన పని తమాషాగా ఉంటుంది. ఇంజన్ వేడెక్కాక, నిదానంగా పోతూ ఫస్టు గేరు నుంచి సెకండుకు లాగుదామంటే, లోపల ఒక అడ్డు లేచి గేరు రాడ్డును నేరుగా ఫోర్తులోకి తోసేది. పరీక్షలో మైలేజీ అంకె మెరుగుపడేది, పన్ను తప్పేది. ఆ అడ్డును పనిచేయనీయని చవక పరికరాలు బజారులోకి వచ్చాయి. కొన్నవాళ్లు అది బిగించుకుని హాయిగా సెకండ్‌లోనే తోలారు. చట్టానికి ఒక కారు, యజమానికి ఇంకో కారు.

నన్నడిగితే, మొత్తం చరిత్రలో నిజాయతీగా జరిగిన మైలేజీ పరీక్ష లమాన్‌దే. 1982లో గ్రూప్-సి నిబంధనలు వచ్చాయి. ఎంత బలమైన ఇంజనైనా పెట్టుకోండి, 24 గంటలకు 2,600 లీటర్లే ఇస్తాం అన్నారు. ఆ ఏడు పోర్షే 956 దాదాపు 4,900 కిలోమీటర్లు నడిచి గెలిచింది. 1985లో కోటాను 15 శాతం కోసి 2,210 లీటర్లు చేశారు. బళ్లు నెమ్మదిస్తాయని అనుకుంటాం కదా? మళ్లీ గెలిచింది 956. నడిచిన దూరం 5,000 కిలోమీటర్లు దాటింది! లీటరుకు రెండుంపావు. బంకు కుర్రాడు వింటే పడి నవ్వుతాడుగానీ, అది 24 గంటలపాటు పందెం వేగంతో. ఇంజన్‌ను కంప్యూటర్ నడపడం, డ్రైవరు చేతికందే మరతో టర్బో ఒత్తిడి తగ్గించడం, ఆరు కిలోమీటర్ల ముల్సాన్ రోడ్డు చివర బ్రేకుకు ముందే కాలు తీసి బండిని ఊరికే దొర్లనివ్వడం ఆ కోటా నేర్పిన విద్యలే. ఇది పందెమా, పొదుపు పథకమా అని విసుక్కున్న డ్రైవర్లూ ఉన్నారు.

తర్వాత కాగితం అంకెల కాలం. 2005లో వచ్చిన బుగాటీ వేరాన్ 8 లీటర్లు, నాలుగు టర్బోలు, 1,001 గుర్రాలు. ఐరోపా పరీక్షలో ఊళ్లో లీటరుకు రెండున్నర, సగటున నాలుగు చిల్లర. వేగం రెట్టింపైతే గాలిని చీల్చడానికి ఎనిమిది రెట్ల బలం కావాలి కాబట్టి, గంటకు 400 కిలోమీటర్లు దాటిన వేగంలో ఆ 100 లీటర్ల ట్యాంకు 20 నిమిషాల్లోపే ఖాళీ. దాని కంపెనీ కనీసం ఈ సంగతి దాచలేదు. 2013 నాటి పోర్షే 918 స్పైడర్‌కు 887 గుర్రాలున్నా అదే పరీక్షలో లీటరుకు 32 కిలోమీటర్లకు పైనే వచ్చింది! ఆ పరీక్ష 20 నిమిషాలు, 11 కిలోమీటర్లు, అందులో చాలా భాగం బ్యాటరీ మీదే గడిచిపోయేది. బ్యాటరీ అయిపోయాక అమెరికావాళ్లు కొలిస్తే తొమ్మిది చిల్లర. ఆ బలానికి అదీ తక్కువేం కాదు, కానీ 32 ఎక్కడ, 9 ఎక్కడ! 2017 నుంచి ఐరోపా ఆ పరీక్షను మార్చడం మొదలుపెట్టింది.

అంకె కారుదా, కాలిదా? 2008లో బ్రిటన్ టీవీ కార్యక్రమం టాప్ గేర్‌లో, పొదుపుకు పేరుపడ్డ టొయోటా ప్రయస్‌ను ట్రాక్ మీద పదిసార్లు దాని ప్రాణం తోడేస్తూ తిప్పారు. వెనకే బీఎండబ్ల్యూ ఎం3 తాపీగా నడిచింది. లీటరుకు ప్రయస్ ఇచ్చింది ఆరు కిలోమీటర్లు, ఎం3 దగ్గరదగ్గర ఏడు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ కార్లు పరిగెత్తాయి. పెట్రోలు వాసన లేదు, జనం ఆశపడ్డ గర్జనా లేదు, ఒక సన్నని కూత తప్ప. గెలిచినవాడు జాన్ ఎరిక్ వెర్న్. ఆ బళ్లు పందెంలో వాడే కరెంటులో 40 శాతానికి పైగా బ్రేకు వేసినప్పుడు తిరిగి రాబట్టుకున్నదే. మలుపు ఇంకా దూరంలో ఉండగానే డ్రైవర్లు కాలు తీసేసి బండిని దొర్లనిచ్చేవాళ్లు, అచ్చం 1985లో ముల్సాన్ రోడ్డు చివర లాగే.