ఒక ఊరి పేరు, అనేక సూచికలు: సంఘ చరిత్ర పరిశోధనలో తప్పు ఫలితాల పరిశీలన

ఉపోద్ఘాతం

గ్రామ సంఘ చరిత్ర రాయబూనిన కాపరులు, విద్యార్థులు నేడు మొదట చేసే పని కంప్యూటరులో ఊరి పేరు వెదకడం. మిషనరీ నివేదికలు, జిల్లా గ్రంథాలు, పాత పత్రికలు అనేకం స్కాన్ చేయబడి, వాటిలోని ప్రతి మాటకూ సూచిక తయారైంది. ఇటువంటి పూర్ణపాఠ సూచికలు అనేకం కలిపి ఒకేసారి వెదకే సౌకర్యం కూడా ఉంది. అయితే ఫలితం శూన్యమని వస్తే "ఈ ఊరి ప్రస్తావన ఎక్కడా లేదు" అని రాసేయవచ్చునా? వచ్చిన మొదటి పది ఫలితాలే ముఖ్యమైనవని నమ్మవచ్చునా? బాపట్ల జిల్లాలోని పిట్టలవానిపాలెం అనే పేరును ఉదాహరణగా తీసుకొని ఈ ప్రశ్నలను పరిశీలిద్దాం.

1. సూచిక చరిత్ర

వేదాంత విద్యకు సూచిక కొత్తది కాదు. 13వ శతాబ్దంలో పారిస్ నగరంలో హ్యూ ఆఫ్ సెయింట్ షేర్ నాయకత్వాన దొమినికన్ సన్యాసులు లాటిన్ బైబిలుకు కాంకార్డెన్సు తయారు చేశారు. అప్పటికి వచన సంఖ్యలు లేవు గనుక ప్రతి అధ్యాయాన్ని ఏడు భాగాలుగా విభజించి అక్షరాలతో గుర్తించారు. 1737లో అలెగ్జాండర్ క్రూడెన్ ఆంగ్ల బైబిలుకు తన కాంకార్డెన్సును ప్రచురించాడు. జెస్యూట్ పండితుడు రాబర్టో బూసా 1949లో ఐబిఎం సంస్థ సహకారంతో థామస్ అక్వినాస్ రచనలకు యంత్రసహాయంతో సూచిక ప్రారంభించాడు. 1957లో జాన్ ఎల్లిసన్ కంప్యూటరుతో చేసిన బైబిలు కాంకార్డెన్సు వెలువడింది.

వీటన్నిటిలో ఉన్న సుగుణం ఒకటే. ప్రతి సూచికకు మూలగ్రంథాలు నిర్ణీతం, మాటలను విడదీసే నియమమూ ఒకటే. నేటి ఉమ్మడి వెదుకులాటలో ఆ ఏకత్వం లేదు. వేర్వేరు గ్రంథాలయాలు వేర్వేరు కాలాలలో, వేర్వేరు నియమాలతో చేసిన సూచికలను యంత్రం ఒకే జాబితాగా చూపుతుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

2. ఊరు కదలలేదు, జిల్లా మారింది

1859లో గుంటూరు జిల్లాను రద్దుచేసి కృష్ణా జిల్లాలో కలిపారు. 1904లో మళ్లీ గుంటూరు జిల్లా ఏర్పడింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. కనుక 1880 నాటి నివేదికల కోసం "గుంటూరు జిల్లా" అనే నిబంధన పెట్టి వెదికితే, కృష్ణా జిల్లా కింద నమోదైన పుటలు బయటికి పోతాయి. ఆంగ్లంలో ఆ జిల్లా పేరు "కిస్ట్నా" అని కూడా రాశారు.

మిషను సరిహద్దుల సంగతీ ఇంతే. 1842 జూలై 31న హెయర్ గుంటూరు చేరడంతో అమెరికన్ లూథరన్ పని ఆరంభమైంది. తరువాత తెనాలి, రేపల్లె ప్రాంతాలకు అది వ్యాపించింది. బాపట్లలో అమెరికన్ బాప్టిస్టు కేంద్రం 1883లో ఏర్పడింది. సాల్వేషన్ ఆర్మీ కూడా బాపట్ల ప్రాంతంలో పనిచేసింది. ఈ పట్టణాల నడుమనున్న ఊరి చరిత్రకు ఒక్క మిషను సూచిక చూసి ఊరుకోరాదు.

3. ఒకే మాట, అనేక రూపాలు

పిట్టలవానిపాలెం వాడుకలో "పి.వి. పాలెం". పాత అచ్చులో "పాలెము". విభక్తి చేరితే "పాలెంలో", "పాలెపు". కొన్ని సూచికలు ఈ రూపాలను కలిపి చూస్తాయి, కొన్ని చూడవు. ఇదే మండలంలోని చందోలును పాత గ్రంథాలు "చందవోలు" అంటాయి; ఆంగ్ల రికార్డులు మొదటి అక్షరాన్ని "త్స" ధ్వనితో రాశాయి.

కంటికి కనిపించని తేడాలు కూడా ఉన్నాయి. తెలుగు 1991లోనే యూనికోడ్‌లో చేరినా, ఆ తరువాత చాలాకాలం అచ్చుపని అను వంటి ఫాంట్లతో సాగింది. ఆ ఫైళ్లలో తెలుగు అక్షరాలు రోమన్ సంకేతాలుగా నిలువ ఉంటాయి. మార్పిడి చేయనిదే యూనికోడ్‌లో వెదికినవారికి దొరకవు. యూనికోడ్‌లో సైతం ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల జంటగానూ రాయవచ్చు. చదివేవారికి రెండూ ఒకటే, సరిచేయని సూచికకు రెండూ వేరు. స్కాన్ చేసిన పుటను యంత్రం చదివేటప్పుడు "మ"ను "వు"గా పొరబడడం మరొక కారణం.

4. వరుస ఎందుకు తప్పుతుంది?

అరుదైన మాటకు ఎక్కువ విలువ ఇవ్వాలనే సూత్రాన్ని కారెన్ స్పార్క్ జోన్స్ 1972లో ప్రతిపాదించింది. సూత్రం మంచిదే గాని, ఏది అరుదు అనే లెక్క ప్రతి సూచికలో వేరుగా జరుగుతుంది. ఒక సూచికలో 10,000 పుటలుండి "గుంటూరు" 5,000 పుటలలో ఉందనుకుందాం. మరొకదానిలో 10,000 పుటలకు 10 పుటలలోనే ఉందనుకుందాం. సంవర్గమాన లెక్కలో మొదటిచోట ఆ మాట విలువ సుమారు 0.3, రెండవచోట 3. ఈ మార్కులను అలాగే కలిపితే, గుంటూరును గురించి విస్తారంగా చెప్పే సేకరణ కిందికి పోయి, దాన్ని ఎప్పుడో ఒకసారి తలచిన సేకరణ పైకి వస్తుంది. అన్ని సూచికలకూ ఉమ్మడి లెక్క వేయడం దీనికి సరైన విరుగుడు. అది మన చేతిలో లేకుంటే, ప్రతి సూచిక ఫలితాలను విడివిడిగా చదవడం మేలు.

ఒకే వార్షిక నివేదిక రెండు గ్రంథాలయాలలో ఉంటే రెండు ఫలితాలు వస్తాయి. వాటిని ఇద్దరు సాక్షులుగా లెక్కించరాదు. అవి ఒకే సాక్షి మాటకు రెండు ప్రతులు.

5. పరీక్షించే పద్ధతి

మొదట, ఊరి పేరు ఉన్నదని కంటితో చూసిన ఒక పుటను ఎన్నుకోవాలి. ఆ పుటను ప్రతి సూచికలో ఒంటరిగా వెదకాలి. పుట సేకరణలో ఉండి కూడా వెదుకులాటలో రాకపోతే లోపం సూచికలోనే ఉన్నట్టు. రెండవది, జిల్లా, సంవత్సరం వంటి నిబంధనలన్నీ తీసివేసి, ఒక్కొక్కటే తిరిగి చేర్చాలి. ఏది చేర్చినప్పుడు ఫలితం పోయిందో గమనించాలి. మూడవది, పేరు యొక్క అన్ని రూపాలను, తెలుగులోనూ ఆంగ్లంలోనూ, ముందే పట్టికగా రాసుకోవాలి. నాలుగవది, దొరికిన ప్రతి పుట బొమ్మను తెరచి చదవాలి. పాలెములు అనేకం గనుక అది వేరే ఊరు కావచ్చు. చివరగా, ఏ సూచికలో, ఏ రూపంతో, ఏ తేదీన వెదికామో నమోదు చేయాలి. సూచికలు మారుతుంటాయి గనుక తరువాతి పరిశోధకునికి ఇది అవసరం.

ముగింపు

ఈ ప్రాంతపు తొలి విశ్వాసులలో అనేకులు మాల, మాదిగ కుటుంబాలవారు. వారికి తామ్రశాసనాలు లేవు, భూమి దస్తావేజులు అరుదు. నివేదికలోని ఒక్క వాక్యమే ఒక కుటుంబానికి మిగిలిన రాతపూర్వక సాక్ష్యం కావచ్చు. ఆ వాక్యం వేరే జిల్లా పేరు కింద, వేరే అక్షరక్రమంలో ఉన్నందున "ఆధారం లేదు" అని రాస్తే, పెద్దలు చెప్పిన నిజం కట్టుకథగా మిగిలిపోతుంది. సూచిక మౌనం చరిత్ర మౌనం కాదు. "ఈ సూచికలలో, ఈ రూపాలతో వెదికినప్పుడు కనబడలేదు" అని రాయడమే న్యాయం. ఆ వాక్యం రాసిన తరువాత సంఘ రిజిస్టరు తెరవాలి, ఊరి పెద్దలను కలవాలి.