హక్కునకు పూచీ యెవరిది?



పల్లెలో నాలుగెకరములమ్మి పట్టణమున కుమారునకొక గృహము కొనిపెట్టుట నేడు మన కుటుంబములలో సాధారణమైనది. నేను నివసించు ఎర్రగడ్డకును అట్లు వచ్చినవారు పెక్కుమంది. వారు నన్నడుగు ప్రశ్న యొక్కటే: “పంతులుగారూ, రిజిస్ట్రేషనైనది గదా, ఇక భయమేమి?”

ఇచ్చటనే భ్రాంతి కలదు. 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము దస్తావేజును నమోదు చేయించునే కాని, అమ్మినవానికి హక్కు కలదని పూచీపడదు. అమ్మినవానికే లేని హక్కు కొన్నవానికెట్లు సంక్రమించును?

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున వాట్సన్ అను నాతడు, మ్యూర్‌హెడ్ అను దస్తావేజుల పరీక్షకుని మాట నమ్మి ఆస్తి కొనెను. దానిపై కోర్టు తీర్పు వలన నొక ఋణభారముండుట పరీక్షకుడు చూచెను. కాని అది ఆస్తికి తగులదని న్యాయవాది చెప్పగా, దోషము లేదనెను. పిమ్మట ఆ ఋణము కొన్నవాని మెడకు చుట్టుకొనెను. 1868లో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము, పరీక్షకుడు అజాగ్రత్త చూపలేదు గావున పరిహారమీయ నక్కరలేదనెను. తప్పు ఎవరిదియు కాదు, నష్టము మాత్రము కొన్నవానిది! ఈ కొరత తీర్చుటకే 1876లో ఫిలడెల్ఫియా నగరమున హక్కునకు బీమాచేయు సంఘము వెలసినది.

అయితే బీమా పత్రము నిచ్చువాడును, బేరము ముగియువరకు సొమ్ము తనయొద్ద నుంచుకొను మధ్యస్థుడును మంచివారని యేమి నమ్మకము? అందుకే మన తెలుగువారనేకులు గృహములు కొనుచున్న టెక్సాసు రాష్ట్రమున ఈ యిరువురకును ప్రభుత్వపు లైసెన్సు తప్పనిసరి.

ఈ భావము మనకు క్రొత్త గాదు. మనుస్మృతి చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో ఋణాదానము తరువాతిది నిక్షేపమే. 2016వ సంవత్సరపు రెరా చట్టమును ఈ దారినే నడచినది. కొనువారిచ్చు సొమ్ములో నూటికి 70 వంతులు బ్యాంకులో వేరు ఖాతాయందుండవలెను. దళారి నమోదు పొందవలెను. హక్కు లోపమున కలిగిన నష్టమునకు నిర్మాత పరిహారమీయవలెను. ప్రభుత్వము ప్రకటించినపుడు హక్కు బీమాయు చేయింపవలెను. తెలంగాణమున దీని నియమములు 2017లో వెలువడినవి. కాని 500 చదరపు మీటర్లు మించని స్థలమునందలి కట్టడములకు ఈ చట్టపు నమోదు అక్కరలేదు. చిన్న బేరమునకే కాపు తక్కువ!

కావున పెద్దలారా, బయానా ఇచ్చుటకు ముందే పూర్వపు లింకు దస్తావేజులను, ఈసీని తెలిసినవానిచే చూపింపుడు. దళారి నమోదు సంఖ్య యడుగుడు. అడుగుటకు మొగమాటపడినచో, తాతలనాటి పొలము ఒక్క సంతకముతో పోవును.