సున్న కూడా కొలతే

ప్రత్యేక సంచికకు సర్వీసు నాటి సంగతి ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు అడగగానే, మా తాలూకా కచేరీ ఆవరణలోని వర్షమాపకం జ్ఞాపకం వచ్చింది.

నేను ఉద్యోగంలో చేరింది 1978లో. అంతకు ముందు ఏడాది నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. వాన మాట వస్తే జనం భయపడే రోజులవి. కొత్త గుమాస్తానని వర్షమాపకం పని నాకు అప్పగించారు. రోజూ ఉదయం 8.30కి గరాటు తీసి, లోపలి సీసాలోని నీటిని గీతలున్న కొలజాడీలో పోసి, కంటిని నీటిమట్టానికి సమంగా ఉంచి, మిల్లీమీటర్లలో చదివి రిజిస్టరులో వ్రాయాలి. అది గడచిన 24 గంటల వాన.

ఒకనాడు బస్సు తప్పి ఆలస్యమైంది. మా ఊళ్ళో చినుకు లేదు, ఎండ కాస్తోంది. చూడకుండానే సున్న వేశాను. హెడ్ గుమాస్తా గారు నన్ను వెంటబెట్టుకు వెళ్ళి సీసా తీయించారు. తెల్లవారుజామున జల్లు పడిందట, 6 మిల్లీమీటర్లు తేలింది.

"సున్న కూడా కొలతేనయ్యా! చూసి వేస్తే లెక్క, చూడకుండా వేస్తే అబద్ధం. రేపు కరువొస్తే రైతుకు శిస్తు రెమిషను ఈ పుస్తకం చూసే ఇస్తారు" అన్నారు. తల ఎత్తలేకపోయాను.

ఆ పట్టుదల వెనుక చరిత్ర తరువాత చదివాను. 1840లోనే గోడే వెంకట జగ్గారావు గారు విశాఖపట్నంలో సొంతంగా వేధశాల నెలకొల్పారు. 1864లో కలకత్తాను పెనుతుఫాను దెబ్బతీసింది. 1866లోను, 1871లోను వర్షాలు విఫలమయ్యాయి. ఎక్కడికక్కడ వ్రాసుకునే లెక్కలు చాలవని తెలిసి, 1875లో భారత వాతావరణ శాఖను స్థాపించి, హెచ్.ఎఫ్. బ్లాన్‌ఫోర్డ్ గారికి బాధ్యత అప్పగించారు. ఊరూరి అంకెలు ఒకే వేళకు, ఒకే పద్ధతిలో ఉంటేనే పోల్చి చూడగలం.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఇప్పుడు చాలాచోట్ల యంత్రాలే వాన కొలిచి కబురు పంపుతున్నాయి. అయినా మా మనవడికి ఈ విద్య నేర్పుతున్నాను. పైనుంచి కిందికి ఒకే వెడల్పున్న డబ్బాను చెట్లకూ గోడలకూ దూరంగా పెట్టి, ఉదయం స్కేలుతో నీటి లోతు చూస్తే చాలు. ఒక్క మిల్లీమీటరు వానంటే చదరపు మీటరు నేలపై ఒక లీటరు నీరు.

"వాన పడని రోజు కూడా చూడాలా తాతయ్యా?" అని అడిగాడు.

"చూసే సున్న వెయ్యాలిరా" అన్నాను.