విశ్వకిరణాలు - చేతితో చేసిన గొట్టాలు



తిరుత్తంగల్ కొండమీద నిన్ర నారాయణ పెరుమాళ్ గుడి మెట్ల దగ్గర నిలబడి ఒకసారి అరచేయి చాచి చూడండి. ఎండ తగులుతుంది, గాలి తగులుతుంది. మరొకటి కూడా తగులుతుంది గాని, అది మనకు తెలియదు. నిమిషానికి సుమారు వంద కణాలు ఆ అరచేతిని దాటి కొండరాతిలోకి దిగిపోతూ ఉంటాయి. వాటిని మ్యూఆన్లు అంటారు. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు మన తలపైన ఎంతో ఎత్తున గాలిని ఢీకొన్నప్పుడు పుట్టే కణాలివి. వీటికి పగలూ రాత్రీ లేదు. చదరపు సెంటీమీటరు చోటులో నిమిషానికి ఒకటి చొప్పున పడుతూనే ఉంటాయి. కంటికి కనిపించని ఈ వానను మనవాళ్లు సొంతంగా తయారుచేసుకున్న పరికరాలతో ఎలా లెక్కపెట్టారో ఈవేళ చెప్పుకుందాం.

ఈ కథ 1912లో మొదలైంది. విక్టర్ హెస్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు బెలూను ఎక్కి 5 కిలోమీటర్ల పైకి వెళ్లాడు. కిరణాలు నేలలోంచే వస్తున్నాయనుకుంటే, పైకి వెళ్లేకొద్దీ తగ్గాలి కదా! తగ్గలేదు, పెరిగాయి. అంటే అవి పైనుంచి వస్తున్నాయన్నమాట. ఆ పరిశోధనకు 1936లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ కథలో మన దక్షిణాదికి ఒక ప్రత్యేకమైన చోటు ఉంది. విశ్వకిరణాల్లో ఎక్కువ భాగం విద్యుదావేశం ఉన్న కణాలు. భూమి అయస్కాంత శక్తి వాటిని పక్కకు తిప్పుతుంది. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణపు కొసమీదుగా పోతుంది. తుంబాను రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నది అందుకే. ఆ రేఖ దగ్గర బాగా శక్తి ఉన్న కణాలు మాత్రమే లోపలికి రాగలవు. అమెరికా శాస్త్రజ్ఞుడు మిల్లికన్ 1939లో ఇంత దూరం వచ్చి, బెంగుళూరులోనూ బెలూన్లు ఎగరవేసింది ఈ తేడాను కొలవడానికే. ఆ రోజుల్లోనే హోమీ భాభా బెంగుళూరులో విశ్వకిరణాల పరిశోధన ప్రారంభించాడు.

అప్పటి ముఖ్యమైన పరికరం గీగర్ కౌంటరు. చూడడానికి అది ఒక గొట్టం. మధ్యలో సన్నని తీగ. లోపల గాలి తీసేసి, ఆర్గాన్ వాయువూ కొంచెం ఆల్కహాలు ఆవిరీ నింపి మూసేస్తారు. తీగకూ గొట్టానికీ మధ్య వెయ్యి ఓల్టుల లెక్కన విద్యుత్తు పెడతారు. ఒక కణం దూసుకుపోతే చాలు, లోపల చిన్న మెరుపులాంటిది పుట్టి తీగలో ఒక తట్టు వినిపిస్తుంది. అయితే గోడలోని రాయి నుంచి వచ్చే కిరణానికీ అది తట్టుతుంది. అందుకని గొట్టం మీద గొట్టం పెట్టి, అన్నీ ఒకేసారి తట్టితేనే లెక్కలో వేస్తారు. అప్పుడు పైనుంచి కిందికి దూసుకుపోయిన కణమే లెక్కకు వస్తుంది.

భాభా స్థాపించిన టాటా పరిశోధన సంస్థలో ఇలాంటి గొట్టాలు సొంతంగా చేసుకునేవారు. 1951లో బి.వి. శ్రీకంఠన్ వాటిని పట్టుకుని కోలారు బంగారు గనుల్లోకి దిగాడు. చిత్తూరు జిల్లా పొలిమేరలో, కన్నడం, తమిళం, తెలుగు మూడూ వినిపించే చోటది. లోతుకు పోయేకొద్దీ మ్యూఆన్లు ఎలా తగ్గుతాయో కొలవడం పని. తర్వాత పి.వి. రమణమూర్తి, వి.ఎస్. నరసింహం, జపాను నుంచి మియాకే కలిశారు. 1960ల మొదట్లో, సుమారు 2,700 మీటర్ల లోతున పరికరం పెట్టి రెండు నెలలు కాచుకున్నారు. ఒక్క మ్యూఆన్ కూడా రాలేదు.

మరొకరైతే శ్రమంతా వృథా అనుకునేవారు. వాళ్లు మాత్రం ఆ సున్నాను భద్రంగా పుస్తకంలో రాసుకున్నారు. ఎందుకంటే, పైనుంచి ఏదీ రాని చోట ఒక తట్టు వినిపిస్తే, అది భూమిని సైతం దాటివచ్చే న్యూట్రినో పుట్టించినదే అయి ఉండాలి. 2,300 మీటర్ల లోతున ఈసారి పక్కనుంచి వచ్చే కణాలను పట్టేలా పరికరాలను నిలబెట్టారు. 1965లో ఆ తట్టు వినిపించింది. అదే ఏడు దక్షిణాఫ్రికా బంగారు గనిలో రైన్స్ బృందానికీ వినిపించింది. ముందుగా కణాన్ని పట్టింది వాళ్లు. ముందుగా అచ్చులో ప్రకటించింది, ఆగస్టు 15న, మన కోలారు బృందం. వాతావరణంలో పుట్టిన న్యూట్రినోను మనిషి గుర్తించడం అదే మొదలు.

1992లో కోలారు ప్రయోగాలు ఆగిపోయాయి. 2001లో గనులే మూతపడ్డాయి. కాని ఆ విద్య పోలేదు. ఊటీలో ఆరేసి మీటర్ల ఇనుప గొట్టాలు 3,712 పేర్చి మ్యూఆన్లను లెక్కపెడుతూ వచ్చారు. 2014 డిసెంబరు 1న ఒక ఉరుముల మేఘం ఊటీ మీదికి వచ్చినప్పుడు, 18 నిమిషాలపాటు ఆ లెక్క రెండు శాతం తగ్గింది. ఆ తగ్గుదలను బట్టి మేఘంలో 130 కోట్ల ఓల్టుల విద్యుత్తు ఉందని 2019లో తేల్చారు. ఆ రోజు మేఘం కోసం ఎవరూ కాచుకోలేదు. ప్రతి రోజూ లెక్క రాసిపెట్టుకున్నారు కాబట్టి, ఆ రోజు లెక్క కూడా పుస్తకంలో ఉంది.

మన బడి పిల్లలు కూడా ఈ పని చేయవచ్చు. ఉపాధ్యాయుల తోడుతో, ఒక గాజుపెట్టె, ఆల్కహాలులో తడిపిన గుడ్డ, కింద గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడు ఉంటే, చీకటి గదిలో టార్చి వెలుతురున కణాల బాటలు సన్నని పొగగీతల్లా కనబడతాయి. లెక్కపెట్టడం మాత్రం ఓపికతో చెయ్యాలి. నూరు లెక్కపెడితే పది అటూ ఇటూ కావడం సహజం. పదివేలు లెక్కపెడితే నూరే అటూ ఇటూ. అంటే నూటికి పది తేడా నూటికి ఒకటికి దిగుతుంది. తేదీ, గంట, గాలి ఒత్తిడి పక్కనే రాయాలి. ఒత్తిడి పెరిగితే లెక్క కాస్త తగ్గుతుంది. నచ్చని అంకెను కొట్టెయ్యకూడదు. ఏమీ రాని రోజున సున్నా అని రాయాలి.

పాలు పోసే ఇంట్లోనూ, పత్తి తూచే కొట్లోనూ లెక్క రాసే అలవాటు మనకు కొత్త కాదు. ఆ పుస్తకంలో ఆకాశానికి కూడా ఒక పేజీ తెరిస్తే చాలు.